పరదేశమున ప్రజాసేవ



వానల కొఱకు విరాటపర్వము చదివించుకొను వారము మనము. ఆ కథలో పాండవులు పరుల కొలువున తలదాచుకొన వచ్చినవారే. అయినను గోగ్రహణ సమయమున, ఇది మన ఊరు కాదు గదా యని ఊరకుండలేదు. వచ్చిన చోటికి అక్కఱకు వచ్చినవాడే ఆ చోటివాడు. నేటి కాలమున అట్టి యొక తెలుగు ఆడపడుచు చరిత్రమును మీకు విన్నవింతును.

కాట్రగడ్డ వారి బిడ్డ అరుణ 1964లో హైదరాబాదున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున, 1972లో, అమెరికా చేరెను. సివిల్ ఇంజనీరింగు చదివి, మేరీలాండు రాష్ట్రమందు మాంట్‌గొమరీ కౌంటీలో, అనగా మన జిల్లా వంటి చోట, రవాణా శాఖలో ఇంజనీరుగా పాతికేండ్లు పనిచేసెను. ఆ దేశపు పౌరసత్వము ఆమెకు 2000లో లభించెను. పదేండ్లకే, 2010లో, రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యెను. 2018లో జాతీయ ప్రతినిధి సభకు పోటీ చేయదలచి, స్వపక్షములో జరుగు తొలి ఎన్నికలోనే ఓడెను. ఓడితినని ఇంట కూర్చుండక, 2022లో లెఫ్టినెంట్ గవర్నరు పదవికి ఎన్నికై, 2023 జనవరి 18న ప్రమాణము చేసెను. మన దేశమందు ఆ పేరుగల పదవి నియామకముచే వచ్చును. అచ్చట ప్రజల ఓటుచే వచ్చును. అమెరికాలో ఆ పదవికి ఎన్నికైన దక్షిణాసియా స్త్రీలలో ఈ అరుణా మిల్లరే ప్రథమురాలు.

ఇట్టి దారి ఆ దేశమున పాతదే. నార్వే నుండి 1849లో తల్లి వెంట వచ్చిన క్నూట్ నెల్సన్ అను పేదబాలుడు, పెద్దవాడై అంతర్యుద్ధమున పోరి గాయపడి, పిదప న్యాయశాస్త్రము చదివి, 1893లో మిన్నెసోటా రాష్ట్రమునకు గవర్నరయ్యెను. లెక్కలు వ్రాయువాడను గనుక ఖర్చు పద్దును గూడ దాచరాదు. 1889లో ఆయన పేర వెలసిన శాసనముచే ఒజిబ్వే ఆదివాసుల భూములు పెక్కు పరుల పాలయ్యెను. వచ్చినవాడు ఎదుగుట జమ. ఉన్నవాడు నలుగుట ఖర్చు.

మన విశాఖకు ఈ లెక్క క్రొత్త గాదు. 1933లో తెఱచిన రేవునకును, తరువాత ఉక్కు కర్మాగారమునకును నలుదిక్కుల నుండి జనులు వచ్చిరి. కర్మాగారమునకై పెక్కు పల్లెలు భూములిచ్చినవి. నేడు మన బిడ్డలును విదేశములకు పోవుచున్నారు. అచ్చట వారికి మనము కోరు ఆదరము ఇచ్చటికి వచ్చినవారికి చూపవలదా? భూములిచ్చినవారిని మఱవకుండవలదా?

కావున నాదొక మనవి. ఈ గ్రంథాలయపు సభ్యుల పట్టికలో, భూమి పోయిన యింటివారి పేరును, పొట్టకూటికై నిన్న వచ్చిన యింటివారి పేరును ప్రక్కప్రక్కన నుండవలెను. రజతోత్సవ సంవత్సరము ముగియులోగా ఆ పట్టికను ఒక్కమారు సరిచూడవలసినదిగా కార్యవర్గమువారిని వేడుచున్నాను.