తాను పట్టిన కుందేలు
(ఒక పఠనమందిరపు వార్షికసభలో మేము గావించిన ప్రసంగ పాఠము)



మనుష్యుని బుద్ధి యెచ్చట తప్పటడుగు వేయునో విచారించుట మనకు క్రొత్త కాదు. త్రాటిని జూచి పామని భ్రమించుట యెట్లు సంభవించునో మన తార్కికులును వేదాంతులును శతాబ్దములు చర్చించిరి. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు నొక్క క్షణమున జరిగినంత మాత్రమున నొకటి రెండవదానికి కారణము కాదని తెలుపుటకు కాకతాళీయమను మాటనే కల్పించిరి. పండితుల మాట యటుండనిండు. అరుగుమీద కూర్చున్న ముదుసలి సయితము "తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అని యీ రోగమును ఒక్క సామెతలో తేల్చివేయును. రోగము పేరు మనకు తెలియును. అయినను రోగము మనలను వీడలేదు. ఏల వీడలేదు? ఇదియే నేటి మా ప్రశ్న.

పరుల కథ చెప్పము. మా కథయే చెప్పుదుము. 2016వ సంవత్సరపు వేసవిలో అనంతపురము జిల్లాలో మా బావగారు తమ చేనిలో బోరు వేయించుచుండగా మేమును గట్టుపై నిలిచియుంటిమి. అరచేత టెంకాయ నుంచుకొని చేనంతయు నడచిన పెద్దమనిషి యొకడు, కాయ నిలువున లేచినదని చెప్పి యొకచోట గుర్తు పెట్టెను. నాలుగువందల యడుగులు దిగినను తెల్లని దుమ్మే లేచుచుండెను. బోరుబండివాడు "ఆపుదునా?" అని యడిగెను. బావగారు మా ముఖము చూచిరి. "ఇంతదూరము వచ్చితిమి బావా, ఇంకొక యాబది యడుగులు చూతము" అని పలికినది ఆయన కాదు, మేము. ఆ యాబది మఱియొక యాబదికి దారి తీసెను. ఆరువందల యడుగులకడ బండి ఆగెను. చుక్క నీరు లేదు. తొలకరికి ముందే మఱి రెండు బోరులు వేయించిరి. వానిలోను నీరు పడలేదు. అప్పు తీర్చుటకు పిత్రార్జితమైన నేలలో సగము అమ్ముకొనవలసి వచ్చెను.

మేము చేసిన తప్పేమి? నాలుగువందల యడుగులకు పెట్టిన సొమ్ము ఆపినను రాదు, సాగించినను రాదు. అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఇకమీది యాబది యడుగులలో నీరు పడునను ఆశ యెంత? ఆ సీమలో నేలక్రింద నుండునది గట్టిరాయి. నీరు నిలుచునది పైనున్న మెత్తబడిన రాతిలోను, దాని క్రింది రాతి పగుళ్లలోను. లోతునకు బోయినకొలది సాధారణముగా పగుళ్లు తగ్గును; అడుగు కూలి మాత్రము పెరుగును. ఆశ తఱుగుచుండ వ్యయము హెచ్చుచున్నదన్న మాట. లెక్క యింత తేటగా నుండియు, పోయిన సొమ్ము పోయినదని యొప్పుకొన మనసు రాక, దానివెంట మఱికొంత సొమ్మును పంపితిమి.

రెండవ తప్పు ఇంతకంటె సూక్ష్మమైనది. మూడు బోరులకును చోటు చూపినవాడు ఆ టెంకాయ మనిషియే. మూడవమారును వానినే యేల పిలిచితిరని యడుగగా, వాడు చూపినచోట నీరు పడిన చేలను నాలుగింటిని ఊరివారు మాకు చూపిరి. పడని చేలను చూపినవారు లేరు. నీరు పడిన బోరు పచ్చని పైరై కన్నుల యెదుట నిలుచును. పడని బోరు నోటిపై రాయి కప్పుకొని మాటుమణగియుండును. వాని సాయము లేక వేసిన బోరులలో నెన్నింట నీరు పడెనో లెక్కించినవారును లేరు. ఆ లెక్క లేనప్పుడు వాని ప్రజ్ఞకు నాలుగు బావులను సాక్ష్యము చూపుట కాకతాళీయము గాక మఱేమి?

ఇది పల్లెవారి మౌఢ్యమని పట్టణవాసులు నవ్వరాదు. ఆర్కెస్, బ్లూమర్ అను పరిశోధకులు 1985లో ప్రకటించిన ప్రయోగమును వినుడు. అమెరికాలో నొక విశ్వవిద్యాలయపు నాటకశాలలో ఏడాది టికెట్లను కొందఱికి పూర్తి ధరకును, కొందఱికి తగ్గింపు ధరకును అమ్మిరి. ఎవరికే ధర యనునది వారి యిష్టమునుబట్టి కాక యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. నాటకములు అవియే, అయినను తొలి సగము కాలములో పూర్తి ధర చెల్లించినవారే యెక్కువ నాటకములకు వచ్చిరి. బోరుగట్టుపై మమ్ము నిలిపినదియు ఈ బుద్ధియే.

ఆమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానెమన్ అను పండితులు 1974లో వేఱొక వింతను ప్రకటించిరి. జనుల యెదుట నొక చక్రమును త్రిప్పిరి. అది 10 దగ్గర గాని 65 దగ్గర గాని ఆగునట్లు ముందే యమర్చబడినది. పిదప, ఐక్యరాజ్యసమితిలోని దేశములలో ఆఫ్రికా దేశములు నూటికెన్ని యని యడిగిరి. చక్రమున 10 చూచినవారి అంచనాలలో నడిమిది 25. 65 చూచినవారిది 45. చక్రమునకును ఆఫ్రికాకును సంబంధమేమి? ఏమియు లేదు. అయినను తొలుత చెవినిబడిన అంకె బుద్ధిని తనవైపు లాగుకొనెను. ఇంటి స్థలము బేరమున దళారి మొదట పలుకు ధర చేయు పనియు నిదియే.

ఈ విద్యలో కానెమన్‌కు 2002లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అట్టివాడు తన 2011 నాటి గ్రంథములో, ఇంతకాలము పరిశోధించియు తన సహజమైన తీర్పులు పెద్దగా బాగుపడలేదనియు, ఇతరుల తప్పును గుర్తించుటయే తన తప్పును గుర్తించుటకంటె సులభమనియు ఒప్పుకొనెను. మా ప్రశ్నకు జవాబు ఇందున్నది. తెలిసినంత మాత్రమున ఈ రోగము వదలదు. కన్ను తన్ను తాను చూచుకొనజాలదు. కావున రక్షణను బుద్ధికి వెలుపల, ముందుగానే యమర్చుకొనవలెను.

బోరుబండి రాకముందే, ఎన్ని యడుగులకు నీరు పడనిచో ఆపవలెనో కాగితముపై వ్రాసి, ఆ బోరుతో లాభనష్టములు లేని పొరుగువాని చేతికిండు. బేరమునకు పోవుటకు ముందే మీ ధరను వ్రాసి జేబులో నుంచుకొనుడు. ఇంటిలో నందఱును ఔనన్నపుడు, కాదనుటకు కారణములు వెదకు పనిని ఒకరికి అప్పగింపుడు. వానిని ద్రోహిగా చూడకుడు.

ఈ పఠనమందిరమునకు మా విన్నపము మఱియొకటి కలదు. ఇచ్చట నొక పెద్ద పుస్తకము నుంచుడు. చుట్టుపట్ల గ్రామములలో వేసిన ప్రతి బోరును అందు వ్రాయుడు: చోటు చూపినది ఎవరు, ఎన్ని యడుగులు, ఎంత ఖర్చు, నీరు పడెనా లేదా. పడినవి వ్రాసి పడనివి విడువకుడు. టెంకాయ మనిషి చూపినవానిని వ్రాయుడు. భూగర్భశాస్త్రజ్ఞుడు విద్యుత్పరికరముతో పరీక్షించి చూపినవానిని వ్రాయుడు. ఎవరును చూపనివానినిగూడ వ్రాయుడు. అయిదేండ్లకు ఆ పుస్తకమే మాటలాడును. దాని తీర్పు మన నమ్మకమునకు విరుద్ధమైనను తలయొగ్గుదము.

"ఆపుదునా?" అని బోరుబండివాడు నాడు న్యాయమైన ప్రశ్నయే యడిగెను. దానికి జవాబు మా నోట కాక, అంతకు ముందే వ్రాసిన యొక కాగితముపై నుండవలసినది. ఉండియున్నచో మా బావగారి నేల నేడు ఆయనదే యై యుండెడిది.