బాయిలరునకు బొగ్గు – ఫీడరు కొలత

బెల్లపు పొయ్యికడ పిప్పి యెగదోయువానిని మీరెల్లరు నెఱుగుదురు. వాని చేయి మందగించినచో పాకము చెడును. విద్యుత్కేంద్రమున నా పని చేయు యంత్రమునకు ఫీడరని పేరు. పైన గాదెవంటి బంకరునుండి బొగ్గు దీని పట్టాపై బడును. పట్టా దానిని తూచుచు, తిరుగలివంటి మిల్లునకు జేర్చును. అచ్చట పొడియైన బొగ్గును వేడిగాలి బాయిలరులోనికి గొనిపోవును.

నా శిష్యుడొక డింజనీరు. ఒక కేంద్రమున నిట్టి ఫీడర్ల కొలత నిర్ణయించు భారము వానిపై బడినది. యంత్రము 210 మెగావాట్లది, అనగా గంటకు 2,10,000 యూనిట్లు. యూనిట్టునకు రమారమి 2,450 కిలోకాలరీల వేడిమి వలయును. కిలో బొగ్గు 3,500 కిలోకాలరీల నిచ్చినచో యూనిట్టునకు 700 గ్రాములు, గంటకు 147 టన్నులు. ఫీడర్లు ఆఱు, అయిదు పనిచేయగా నొకటి విశ్రాంతి నుండవలెను. ఒక్కొక్కదాని వాటా 29 టన్నుల పైచిల్లర. శిష్యుడు మఱికొంత చేర్చి 32 అని వ్రాసెను.

వానకాలము వచ్చినది. బూడిదయు తడియు హెచ్చిన బొగ్గు వచ్చినది. కిలోకు 2,800 కిలోకాలరీలే. అపుడు యూనిట్టునకు 875 గ్రాములు, గంటకు దాదాపు 184 టన్నులు కావలెను. అయిదు ఫీడర్లు ఎంత పరుగిడినను 160 టన్నులే గదా! ఆఱవది యుండెనే యందురా? దాని మిల్లు మరమ్మతులో నుండెను. యంత్రము 183 మెగావాట్లు దాటలేకపోయెను. అంతలో బంకరు కంఠమున బొగ్గు, గాదె కన్నమున తడిసిన తవుడువలె బిగిసికొనగా, మఱియొక ఫీడరు వట్టి పట్టాను త్రిప్పసాగెను. ఆ రాత్రి పల్లెలకు కోత విధించిరి. నారుమళ్లకు నీరు తోడు మోటారులు నిలిచిపోయినవి. మా యూరివియు నందు జేరినవే.

“పంతులుగారూ, సరాసరి బొగ్గునకే లెక్క కట్టితిని” అని శిష్యుడు చిన్నవోయి పలికెను. సరాసరి వానికి నేర్పినవాడను నేనే. ఏటి సరాసరి లోతు మోకాలిబంటియైనను నడుమ నిలువులోతుండునని నాడే చెప్పియుండవలసినది. చెప్పలేదు.

ఇరువురము తిరిగి కూర్చుంటిమి. చెడ్డబొగ్గు 184 టన్నులను అయిదుచే భాగింప దాదాపు 37. కొంత యెడముంచి 40. నలిగిన బొగ్గు ఘనమీటరునకు సుమారు 800 కిలోలు తూగును గనుక గంటకు 50 ఘనమీటర్లు. పట్టాపై బొగ్గు 60 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందము నున్నచో నిమిషమునకు 7 మీటర్ల నడక చాలును.

“నాయనా, 60 టన్నులదే పెట్టరాదా?” యంటిని. కూడదట. మిల్లు పొడిచేయగలిగినదానికంటె నెక్కుడు త్రోసినచో మిల్లు నిండి యాగిపోవును. గిరాకి తగ్గిన వేళలందు పెద్ద పట్టా మిక్కిలి మెల్లగా నడచుచు తూకమున దప్పును. ఈ మాట నాకు తోచనే లేదు.

బంకరు కంఠమును వెడల్పు చేసి, లోపల నునుపైన తుప్పుపట్టని యుక్కురేకు తొడిగించిరి. క్రొత్త ఫీడర్లును వచ్చినవి. తడిబొగ్గుతో పరీక్షింపగా ఒక్కొక్క మిల్లు గంటకు 38 టన్నులు నలుపుచున్నదని శిష్యుడు జాబు వ్రాసెను. ఆ జాబు మీదనే 38ని అయిదుచే హెచ్చవేసి చూచుకొంటిని. 190.