తెల్లబట్ట – సిగ్గుపడి దాచుకోవలసిన జబ్బు కాదు
(షోలాపూరు మహిళా కార్మికుల సమావేశంలో ఒక ఆరోగ్య కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



కూలి గురించీ, బోనసు గురించీ అయితే మనం గేటు ముందు నిలబడి గొంతెత్తి మాట్లాడతాం. ఈ రోజు సంగతి మాత్రం వైండింగులో పక్కన నిలబడే స్నేహితురాలికి కూడా చెవిలోనే చెప్పుకుంటాం. అదే తెల్లబట్ట. మీరు సంకోచం లేకుండా అడగాలని అన్నలను కాసేపు బయట కూర్చోమన్నాను. అయితే ఈ మాటలు పత్రికలో అచ్చవుతాయి. వాళ్ళూ చదవాలి. ఎందుకో ముందుకు చెబుతాను.

మొదట ఒక భయం తీసేసుకుందాం. తెల్లబట్ట అయిన ప్రతిసారీ జబ్బు కాదు. నెల మధ్యలో కోడిగుడ్డు తెల్లసొనలాగా జిగురుగా రావడం, బహిష్టుకు ముందు కొంచెం ఎక్కువ కావడం, గర్భంతో ఉన్నప్పుడు పెరగడం సహజమే. దుర్వాసన, దురద, మంట లేకపోతే మందు అక్కరలేదు. ఎముకలు కరిగి కారుతున్నాయనీ, ఒంట్లో సత్తువంతా పోతోందనీ అనుకోవడం వట్టి అపోహ. దానికోసం టానిక్కుల మీద డబ్బు తగలెయ్యకండి.

రంగు, వాసన, చిక్కదనం మారినప్పుడే జాగ్రత్త పడాలి. ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

ఒకటి: విరిగిన పాలలాగా, పెరుగు తరకల్లాగా చిక్కగా, తెల్లగా అవుతుంది. వాసన పెద్దగా ఉండదు గాని దురద విపరీతం. మర్మాంగం ఎర్రబడి మండుతుంది. ఇది బూజు జాతి క్రిమి వల్ల వస్తుంది. పెళ్ళికాని పిల్లకైనా రావచ్చు. గర్భిణులకు, షుగరు ఉన్నవారికి, యాంటిబయాటిక్ మందులు వాడినవారికి ఎక్కువగా వస్తుంది.

రెండు: పల్చగా, బూడిదరంగు కలిసిన తెలుపులో అవుతుంది. చేపల కంపు కొడుతుంది. భర్తతో కలిసిన తర్వాత ఆ కంపు ఎక్కువవుతుంది. దురద అంతగా ఉండదు. యోనిలో సహజంగా ఉండే మేలుచేసే క్రిములు తగ్గి, వేరే క్రిములు పెరగడం వల్ల ఇలా అవుతుంది.

మూడు: పసుపుగా, ఆకుపచ్చగా, ఒక్కోసారి నురగతో అవుతుంది. దుర్వాసన, దురద, మంట ఉంటాయి. ఇది కలయిక ద్వారా అంటుకునే జబ్బు. మగవాడికి చాలాసార్లు ఏ బాధా తెలియదు. అందుకే భార్యకొక్కదానికే మందు వేస్తే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి, అది పూర్తయ్యేదాకా కలయిక మానాలి. అన్నలు చదవాలన్నది ఇందుకే. ఆడదాని మీద నింద వేసినందువల్ల జబ్బు పోదు.

తెల్లబట్ట లేకుండా మూత్రానికి పోయినప్పుడు మాత్రమే మంట, మాటిమాటికీ పోవాలనిపించడం ఉంటే అది మూత్రంలో చేరిన క్రిమి కావచ్చు. దాని మందు వేరు.

మీరు చూసిన గుర్తులు డాక్టరుకు చెప్పండి, కాని మందు మీరే నిర్ణయించుకోవద్దు. రెండు రకాలు ఒకేసారి కూడా ఉండవచ్చు. నాకు తెలిసిన ఒక అక్క పొరుగామె వాడిన మాత్రలే దుకాణంలో మూడుసార్లు కొని మింగింది. దురద తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. చివరికి పరీక్ష చేయిస్తే షుగరు బయటపడింది. ఆమె అన్ని నెలలూ బాధపడుతూనే మిషను దగ్గర నిలబడింది.

ఈ గుర్తులుంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు: పొత్తికడుపులో నొప్పితో పాటు జ్వరం, గర్భిణికి కంపు కొట్టే తెల్లబట్ట. కలయిక తర్వాత రక్తం కనబడినా, ముట్లుడిగిన తర్వాత రక్తం కనబడినా గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరేమో పరీక్ష చేయించుకోవాలి.

లోపల సబ్బుతో గాని, డెట్టాలుతో గాని కడగవద్దు. మేలుచేసే క్రిములు చచ్చిపోతాయి. పైన మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు. చెమటకు తడిసిన లోబట్టలు మార్చుకోండి. నూనె, రంగు అంటిన మిల్లు గుడ్డపీలికలు బహిష్టుకు వాడవద్దు. బట్ట వాడితే ఉతికి ఎండలో ఆరవేయండి.

దవాఖానాలో మరాఠీ రాదని వెనుకాడవద్దు. "అంగావరూన్ పాంఢరే జాతే" అంటే తెల్లబట్ట అవుతోందని, "వాస్ యేతో" అంటే కంపు కొడుతోందని, "ఖాజ్ యేతే" అంటే దురదగా ఉందని. ఈ మూడు మాటలు చాలు. ఆడ డాక్టరు కావాలని అడగండి. కార్డు ఉన్నవారు ఇ.ఎస్.ఐ. దవాఖానాకు, లేనివారు సివిల్ ఆస్పత్రికి వెళ్ళండి. డాక్టరు విశ్రాంతి రాసిస్తే, చందా షరతులు పూర్తయిన ఇ.ఎస్.ఐ. కార్మికురాలికి ఏడాదిలో 91 రోజుల వరకు కూలిలో 70 శాతం వస్తుంది. కూలి పోతుందని జబ్బును ముదరబెట్టుకోకండి. ఇచ్చిన మందు, బాధ తగ్గినా సరే, పూర్తిగా వాడండి.

చివరిగా ఒక మాట. షిఫ్టంతా మూత్రం బిగబట్టుకునే చోట, కడుక్కునేందుకు నీళ్ళు లేని చోట శుభ్రంగా ఉండమని చెప్పడం ఎగతాళి అవుతుంది. ఆడవాళ్ళకు వేరుగా మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నాటినుంచే ఉంది. తలుపు, గడియ, నీళ్ళు ఉన్న మరుగుదొడ్డి ప్రతి ఖాతాకూ కావాలని వచ్చే డిమాండ్ల పత్రంలో రాయించండి. అది బోనసు కన్నా చిన్న డిమాండు కాదు.