ఇంట్లో పెద్దవారి స్నేహితులు పోయినప్పుడు

(రోగుల కుటుంబ సభ్యుల కూడికలో ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగ పాఠం)

వార్డులో మీవాళ్ళను ఉంచి వచ్చి ఇక్కడ కూర్చున్నారు. మనసంతా అక్కడే ఉంటుందని నాకు తెలుసు. ఎక్కువసేపు తీసుకోను.

నాకు ఎనభై ఏళ్ళు నిండాయి. 1963లో నర్సింగు శిక్షణలో చేరాను. మా బ్యాచిలో పద్నాలుగురం. గాజు సిరంజిలు మరిగించి మళ్ళీ వాడే రోజులవి. సూది మొద్దుబారితే రాయి మీద సానపట్టేవాళ్ళం. చేతి తొడుగులు ఉతికి, ఆరబెట్టి, పౌడరు చల్లి జతలు కలిపేవాళ్ళం. ఇప్పటి సిస్టరమ్మలకు ఇవన్నీ చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి. కానీ "అవునే, మేట్రనమ్మ వస్తుంటే నువ్వు ట్రే మొత్తం కింద పడేశావు, గుర్తుందా?" అనే మనిషి కూడా ఒకరు ఉండాలి కదా. ఆ పద్నాలుగురిలో నాతోపాటు ఇంకొక్కరే మిగిలారు.

నాలుగేళ్ళ క్రితం, హాస్టలులో నా గదిలో ఉన్న స్నేహితురాలు చనిపోయింది. ఆ సంగతి మా అబ్బాయికి ఆ రోజే తెలిసింది. నాకు బీపీ ఉంది, గుండెకు మందులు వాడుతున్నాను, విని తట్టుకోలేనేమోనని చెప్పలేదు. భూస్థాపన అయిపోయింది. ఆదరణ కూడిక అయిపోయింది. నేను మాత్రం రోజూ ఆమెకు ఫోను చేస్తూనే ఉన్నాను. ఎత్తదు. ఒకరోజు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. మరొకరోజు దీనికి పొగరెక్కింది అనుకున్నాను. ఐదు వారాల తరువాత గుడిలో ఆమె కుటుంబం కోసం ప్రార్థన చేస్తుంటే అప్పుడు తెలిసింది. ఆమె పోయిందన్న దుఃఖం ఒక ఎత్తు. చనిపోయిన మనిషిని ఐదు వారాలు మనసులో తిట్టుకున్నానే అన్నది మరొక ఎత్తు. మా అబ్బాయి ప్రేమతోనే దాచాడు. అయినా తప్పే చేశాడు. వాడికీ ఆ మాట చెప్పాను.

మీ నాన్నగారి స్నేహితుడు పోతే మీకు అది ఒక పెద్దాయన మరణం. "ఎనభై దాటాయి కదా, ఇంకెన్నాళ్ళు ఉంటారు" అంటారు. కానీ నన్ను ఇంట్లో అమ్మా అంటారు, మామ్మా అంటారు, బయట సిస్టరుగారూ అంటారు. "ఒసేయ్" అని పిలిచేది ఆమె ఒక్కతే. ఆమె పోయిన రోజున, నా పద్దెనిమిదో ఏటి నన్ను ఎరిగిన మనిషి పోయింది.

రెండవ సమూయేలు గ్రంథం 19వ అధ్యాయంలో బర్జిల్లయి అనే ఎనభై ఏళ్ళ పెద్దాయన ఉన్నాడు. దావీదు రాజు ఆయనను యెరూషలేముకు వచ్చేయమని, తానే పోషిస్తానని పిలుస్తాడు. తినేది రుచి తెలియదు, పాటలు వినబడవు, నేను నీకు భారమవుతాను అంటాడాయన. తన తలిదండ్రుల సమాధి దగ్గర, సొంత ఊరిలోనే చనిపోతానంటాడు. అమ్మానాన్నలను ఊరినుంచి హైదరాబాదుకో, అమెరికాకో తీసుకువెళ్ళేవారు ఒకసారి ఆ అధ్యాయం చదవండి. మీ ఇంట్లో సౌకర్యాలకు లోటుండదు. అరుగు మీద కూర్చుని పలకరించేవారే ఉండరు.

పెద్దవారు చెప్పిందే మళ్ళీ చెబుతుంటే చాదస్తం అని విసుక్కుంటాం. నేను నర్సింగులో చేరిన 1963లోనే రాబర్ట్ బట్లర్ అనే అమెరికా మానసిక వైద్యుడు దీని గురించి ఒక వ్యాసం రాశారు. గడిచిన జీవితాన్ని తిరిగి చూసుకోవడం బుద్ధి మందగించిన గుర్తు కాదని, చివరి దశలో మనిషి మనసు సహజంగా చేసుకునే పని అని ఆయన చెప్పారు. కొందరికి అందులో శాంతి దొరుకుతుంది, కొందరికి పాత పశ్చాత్తాపాలు పైకి వచ్చి దిగులు ముదురుతుంది అని కూడా అన్నారు. కనుక వినేవారు పక్కన ఉండాలి.

చావు కబురు ఎలా చెప్పాలి అని చాలామంది అడుగుతారు. గుండె జబ్బు ఉంటే ముందు డాక్టరుగారిని అడగండి. పగటిపూట, కాస్త తిన్న తరువాత, చెవి మిషను ఉంటే పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పండి. "సీరియస్‌గా ఉందట" అని నాన్చకండి, చనిపోయారనే చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ రాత్రి ఒంటరిగా పడుకోబెట్టవద్దు. భూస్థాపనకు వెళతానంటే, ఓపిక ఉంటే తీసుకువెళ్ళండి. మతిమరుపు జబ్బు ఉన్నవారి సంగతి వేరు. వారు అదే మనిషి కోసం పదేపదే అడిగితే ప్రతిసారీ చావు కబురు కొత్తగా చెప్పి ఏడిపించకండి. ఆయన గురించి మాట్లాడించండి, చాలు.

దుఃఖానికి మందు అక్కరలేదు. కానీ రెండు వారాలు దాటినా రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉంటే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, తిండి, నిద్ర తగ్గి మనిషి చిక్కిపోతుంటే డాక్టరుగారికి చూపించండి. అది డిప్రెషన్ కావచ్చు, ఈ వయసులోనూ నయమవుతుంది. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా మనిషి ఇలాగే నీరసించి ముడుచుకుపోవచ్చు, కనుక రక్త పరీక్ష చేయిస్తారు. "నేనూ పోతే బాగుండును" అన్న మాట వింటే తేలిగ్గా తీసుకోవద్దు. వెంటనే తీసుకురండి, ఒంటరిగా వదలవద్దు. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోను చేయవచ్చు.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకపడి, పగలు రాత్రి తెలియకుండా మాట్లాడుతుంటే దాన్ని దిగులు అనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం, కొత్తగా వేసిన మందు ఏదైనా కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి రావాలి. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో నిద్రమాత్రలు కొని వేయకండి. రాత్రి బాత్రూముకు లేచి, తూలిపడి, తుంటి ఎముక విరిగి వచ్చినవారిని మా వార్డులో ఎందరినో చూశాను.

చెవులు కూడా చూపించండి. వినబడక నలుగురిలో కూర్చోవడం మానేసినవారిని మనం ముభావి అంటాం. కొందరికి గులిమి తీస్తే చాలు.

మిగిలిన స్నేహితుల నంబర్లు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించండి. మా అబ్బాయి ఇప్పుడు ఆ పని చేశాడు. ప్రతి గురువారం నాలుగు గంటలకు వాడే డయల్ చేసి ఫోను నా చేతికిస్తాడు. అవతల ఆమెకూ చెవుడే, నాకూ చెవుడే. మేము అరుచుకుంటుంటే వీధంతా వింటుంది. ఈరోజు గురువారం, కనుక నేను బయలుదేరాలి. సందేహాలుంటే సిస్టరుగారిని అడగండి.