గ్యాసా, డీజిలా? పాత బండి కొనే ముందు మన లెక్క మనమే వేసుకుందాం

(ఉప్పల్‌లో జరిగిన కూరగాయల, ఆకుకూరల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, విత్తనాల గురించి, కరెంటు గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. ఈరోజు బండి గురించి మాట్లాడుకుందాం. ఇది చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. చేను దగ్గర పలికిన ధరకు, మార్కెట్లో చేతికొచ్చిన పైసలకు మధ్య తేడా ఎక్కడ పోతోందో చూస్తే, అందులో పెద్ద భాగం బండి కిరాయిలోనే కనపడుతుంది. అందుకే మన ఊళ్లలో ఇద్దరు ముగ్గురు కలిసి పాత ట్రాలీయో, పికప్పో కొనుక్కుంటున్నారు. మంచిదే. కానీ కొనే ముందు అందరూ సంఘం ఆఫీసుకొచ్చి అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, గ్యాస్ బండి మంచిదా, డీజిల్ బండి మంచిదా?"

ఆ ప్రశ్నే తప్పు అని మేం దెబ్బ తిని నేర్చుకున్నాం. ఏ ఇంజన్ మంచిదని కాదు, మన లోడుకు, మన దారికి, మన దగ్గరున్న బంకుకు ఏది సరిపోతుందని అడగాలి. ముందు మా దెబ్బ సంగతి చెబుతాం.

మేం ఐదుగురం మూసీ కింద ఆకుకూరలు పండించేవాళ్లం. మూడు నాలుగేళ్ల కింద నాచారంలో పాత బండ్లు అమ్మే ఒకాయన దగ్గర డీజిల్ పికప్ కొన్నాం. బీఎస్-6 బండి, చూడ్డానికి కొత్త పెళ్లికొడుకు లెక్కే ఉంది. ఖాళీ రోడ్డు మీద నడిపి చూస్తే గుర్రమే. రెండు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వెలగడం మొదలైంది. అదేదో సెన్సర్ అనుకొని పట్టించుకోలేదు. ఒక తెల్లవారుజామున కొత్తిమీర, పాలకూర కట్టలు నింపుకొని వస్తుంటే నారపల్లి దాటాక బండి బలం చచ్చిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఎడ్లబండి కన్నా ముందుకు పోదు. మేం ఉప్పల్ చేరేసరికి ఎండెక్కింది, కొత్తిమీర వాడిపోయింది. వచ్చిన కాడికి అమ్ముకొని బండిని షెడ్డుకు తోసుకుపోయాం. పొగ వడకట్టే ఫిల్టర్ మసితో మూసుకుపోయిందన్నారు. ఆ సీజన్‌లో కొత్తిమీర మీద మిగిలిన పైసలన్నీ ఆ ఫిల్టర్‌కే పోయాయి.

అమ్మినాయన మోసం చేశాడని చాలా రోజులు తిట్టుకున్నాం. కొంత నిజమే కావచ్చు. కానీ తప్పు మాది కూడా. ఎందుకో వినండి.

మన దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధన వచ్చింది. పొగ తగ్గించడానికి ఆ తర్వాత వచ్చిన చాలా డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ పెట్టారు. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి. అంటే బండి మంచి వేగంతో కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. మన దారి సంగతి మీకు తెలియనిదా? ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగాయి. ఆ గుంతల్లో, ఆ దుమ్ములో ఫస్టు గేరు, సెకండు గేరు తప్ప మూడోది వేసిన రోజు తక్కువ. అట్లాంటి దారిలో, రోజూ పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిచి ఆగిపోయే బండికి మసి పేరుకోక ఏమవుతుంది? పసుపు లైటు వెలిగినప్పుడే ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డెక్కి అరగంట నడిపి ఉంటే చాలావరకు గట్టెక్కేవాళ్లం. ఆ సంగతి మాకు చెప్పినవాడూ లేడు, మేం అడగనూ లేదు.

ఇక గ్యాస్ బండి సంగతి. మా పక్క ఊరి తమ్ముడొకాయన మా గతి చూసి గ్యాస్ బండి కొన్నాడు. ఇంజన్ బాగుంది, పొగ లేదు. పదిహేను రోజులకు బంకులో గ్యాస్ పట్టం పొమ్మన్నారు. ఎందుకంటే సిలిండర్ పరీక్ష గడువు దాటిపోయింది. గ్యాస్ సిలిండర్‌ను మూడేళ్లకోసారి నీళ్ల ఒత్తిడితో పరీక్ష చేయించాలి. దాని తేదీ సిలిండర్ మీదనో, బండికున్న రేకు మీదనో ఉంటుంది. బంకు వాళ్లు చేసింది తప్పు కాదు. నిండు సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. మన ట్రాక్టర్ వెనక టైరులో ఉండే గాలికి అది వంద రెట్లకు పైనే. దానితో ఆటలాడొద్దు. కానీ సిలిండర్ విప్పి, పరీక్ష చేయించి, మళ్లీ బిగించే దాకా ఆ తమ్ముడు కిరాయి బండ్ల మీదే తిరిగాడు.

కాబట్టి అటు గుంత, ఇటు గొయ్యి. మరి ఎట్లా ఎంచుకోవాలి? మూడు లెక్కలు వేసుకోండి.

మొదటిది కిలోమీటరు లెక్క. ఈరోజు రేటును మైలేజీతో భాగిస్తే కిలోమీటరుకు ఎంత పడుతుందో వస్తుంది. కిలో గ్యాస్‌లో లీటరు డీజిల్ కన్నా శక్తి ఎక్కువే. కానీ డీజిల్ ఇంజన్ తన ఇంధనాన్ని ఎక్కువ పొదుపుగా వాడుకుంటుంది. అందుకే మైలేజీలో గ్యాస్‌కు కొంచెమే మొగ్గు. లెక్క తేలిగ్గా ఉండడానికి రెండింటి రేటూ 95 రూపాయలే అనుకుందాం. డీజిల్ చిన్న ట్రాలీ లీటరుకు 18 కిలోమీటర్లు, గ్యాస్ ట్రాలీ కిలోకు 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌కు 317 రూపాయలు, గ్యాస్‌కు 285 రూపాయలు. మిగిలేది 32 రూపాయలు. గ్యాస్ కోసం దారి తప్పి ఆరు కిలోమీటర్లు పోయొస్తే అందులో 28 రూపాయలు అక్కడే ఖర్చు. వరుసలో నిలబడ్డ సమయానికి లెక్కే లేదు.

అదే గ్యాస్ కిలో 75 రూపాయలకు దొరికితే? 60 కిలోమీటర్లకు 225 రూపాయలే. రోజుకు 92 మిగులు, 300 రోజులు నడిస్తే 27,600. అది ఒక ఎకరం పెట్టుబడికి పనికొచ్చే డబ్బు. ఢిల్లీలో గ్యాస్ బండి లాభమని ఎవరో ఫోన్‌లో వీడియో పంపితే నమ్మి కొనొద్దు. అక్కడి రేటు వేరు, ఇక్కడి రేటు వేరు. మన బంకు మీద రాసిన రేటుతోనే లెక్క వేయండి.

పెట్రోల్ బండి సంగతి కూడా కొందరు అడుగుతున్నారు. 107 రూపాయల పెట్రోలుతో 15 కిలోమీటర్లు వస్తే అదే 60 కిలోమీటర్లకు 428 రూపాయలు. రోజూ తిరిగేవాళ్లకు గిట్టదు. వారానికి రెండుసార్లు పోయేవాళ్లకు మాత్రం రిపేరు తక్కువ కాబట్టి ఆలోచించొచ్చు.

రెండోది లోడు లెక్క. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి ఇంజన్‌ను బలంగా కడతారు. తక్కువ వేగంలో కూడా బరువు లాగుతుంది. గ్యాస్ ఇంజన్ ప్లగ్ మంటతో నడుస్తుంది. చప్పుడు తక్కువ, మసి తక్కువ, కానీ నిండు లోడుతో ఎత్తు ఎక్కాలంటే గేరు మార్చి రేజింగ్ ఇవ్వాలి. పైగా సిలిండర్ల బరువు మన సరుకు బరువులోంచే పోతుంది. ఆకుకూరలు బండి నిండా కనపడతాయి గానీ తూకం తక్కువ, వాటికి గ్యాస్ బండి చాలు. టమాటా బాక్సులు, ఉల్లిగడ్డ, వడ్లు, పెంట ఎరువు మోసేవాళ్లకు డీజిల్ బండే దిక్కు.

మూడోది దారి లెక్క. ఘట్‌కేసర్, ప్రతాపసింగారం, ఏదులాబాద్ వైపు నుంచి ఉప్పల్ దాకా వచ్చి పోయే ఆకుకూరల రైతులకు, దారిలోనే బంకు ఉంటే, గ్యాస్ బండి సరిపోతుంది. భువనగిరి అవతలి నుంచి నిండు లోడుతో బోయిన్‌పల్లి యార్డు దాకా పోయేవాళ్లకు డీజిల్ నయం. రోజూ దూరం పరుగెత్తుతుంది కాబట్టి ఆ ఫిల్టర్ కూడా శుభ్రంగా ఉంటుంది. దగ్గర దారికి డీజిలే కావాలనుకుంటే బాగా చూసుకున్న బీఎస్-4 బండి వెతకండి. కానీ అది 2020కి ముందుది, వయసు మీద పడ్డదని మరవొద్దు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

ఇప్పుడు బండి చూసే పద్ధతి చెబుతాం, ఇంటికి పోయి రాసుకోండి.

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పోవాలి. మీరు పోయేసరికి బండి స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టాడంటే ఏదో దాస్తున్నాడని అనుమానించండి. స్టార్ట్ అయ్యాక పొగ చూడండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ దట్టంగా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదు. వేడెక్కాక కూడా తెల్ల పొగ వదిలితే లోపల నీళ్లో, కాలని డీజిలో పోతోంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పుమంటే రింగులు అరిగినట్టే. బీఎస్-6 డీజిల్ అయితే తాళం తిప్పగానే హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే బల్బు పీకేశారని అర్థం. కొన్ని డీజిల్ బండ్లకు యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోయాలి. అది నూటికి 32.5 పాళ్లు యూరియా కలిపిన శుద్ధి నీళ్లు. మన ఇంట్లో యూరియా ఉంది కదా అని కలిపి పోశారంటే బండి పాడవుతుంది. మన యూరియాకు 2015 నుంచి వేప పూత ఉంది, అది చేనుకు మందు, బండికి విషం.

గ్యాస్ బండి అయితే సిలిండర్ పరీక్ష తేదీ చూడండి, ఆర్‌సీలో ఇంధనం గ్యాస్ అని రాసి ఉందో లేదో చూడండి. ఎక్కడో కిట్టు బిగించి ఆర్‌సీలో ఎక్కించని బండిని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఫారం 35, వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ ఉండాలి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు నడపొద్దని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అట్లాంటి ఆంక్షలు వచ్చినప్పుడల్లా అక్కడ చెల్లని బండి ఇంకోచోట రంగు వేసుకొని తిరుగుతుంది. చలాన్లు, ట్యాక్సు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ అన్నీ చూశాకే బయానా ఇవ్వండి. అమ్మేవాడి మెకానిక్‌కు కాదు, మనకు తెలిసిన మెకానిక్‌కు కూలి ఇచ్చి చూపించండి. ఆ కూలి దండగ కాదు. మేం ఆ కూలి మిగిలిందనుకొని ఒక పంట పోగొట్టుకున్నాం.

చివరగా ఒక మాట. ఈ లెక్కలన్నీ మనం వేసుకున్నా, రేటు రాసే పెన్ను మన చేతిలో లేదు. పెట్రోలు, డీజిల్, సహజవాయువు మూడూ జీఎస్టీలో లేవు. మన రాష్ట్రంలో డీజిల్ మీద 27 శాతం, పెట్రోలు మీద 35.2 శాతం వ్యాట్ ఉంది. కూరగాయల బండి రైతు మీద ఆ భారం పడకుండా చూడమని అడగడం మన హక్కు. వరంగల్ రోడ్డు మీద తెల్లవారుజామున కూరగాయల బండ్లకు వరుస లేకుండా గ్యాస్ పట్టాలని అడుగుదాం. ఉప్పల్ రోడ్డు మీద మన బండ్లు గంటలకొద్దీ నిలబడకుండా చూడమని అడుగుదాం. ఈ మూడూ రాసి సంతకాలు పెట్టి కలెక్టర్ గారికి ఇద్దాం.

అప్పటిదాకా ఎవరూ ఒంటరిగా పోయి బండి కొనొద్దు. ముందు సంఘానికి చెప్పండి, ఇద్దరు తోడు వస్తారు. మా బండి ఇప్పటికీ ఉంది. ఇప్పుడు పసుపు లైటు వెలిగితే ఏం చేయాలో మాకు తెలుసు. మీకు ఆ పాఠం ఉచితం, మేం ఫీజు కట్టేశాం.