బండి కొనక ముందే లెక్క చూసుకుందాం

(ఆలూరులో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో స్టీరింగును నమ్ముకొని బతికే ముస్లిం కుటుంబాలను ఎన్నింటినో మేము ఎరుగుదుము. పదేళ్లు పరుల బండి నడిపినవాడు తన పేరున ఒక బండి ఉండాలని కోరుకోవడం సహజం. ఆ కోరికను నీరుగార్చడానికి మేము ఇక్కడ నిలబడలేదు. ఆ బండి వల్ల ఇల్లు పోగొట్టుకోవద్దని చెప్పడానికే వచ్చాము.

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి కాగితాల సంచితో మా వద్దకు వచ్చింది. ఆమె కుమారుడు కొత్త లారీ కొన్నాడు. నాలుగు కంతులు తప్పగానే అప్పిచ్చినవారి మనుషులు రాత్రివేళ దారిలో బండిని ఆపి తోలుకుపోయారు. దానిని అమ్మగా వచ్చిన సొమ్ము అప్పుకు చాలలేదు. మిగిలిన మొత్తానికి నోటీసు ఆ తల్లి పేరున వచ్చింది. “సాక్షి వేలిముద్రే అన్నారు భాయ్‌సాబ్” అన్నది ఆమె. కాగితంలో మాత్రం ఆమె జామీనుదారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా వ్రాసుకోనంత వరకు, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మాకు ఆ రోజు నోట మాట రాలేదు.

కనుక మొదటి ప్రశ్న ఏ కంపెనీ బండి అన్నది కాదు. దానికి పని ఎక్కడిది అన్నది. మన వైపు బాడుగలు ప్రధానంగా పత్తి, ఉల్లి, మిరప, వేరుశనగ మీద ఆధారపడినవి. ఆదోని మార్కెట్టు నిండినప్పుడు బండి దొరకదు. ఖాళీ అయినప్పుడు బాడుగ దొరకదు. కంతు మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. నెలకు 30,000 కంతు అనుకోండి, ఏడాదికి 3,60,000. మంచి బాడుగలు ఏడు నెలలే ఉంటే, ఆ ఏడు నెలలలో నెలకు 51,000 పైగా విడిగా తీసిపెట్టాలి. డీజిలు, టైర్లు, బీమా, డ్రైవరు బత్తా, మరమ్మతులు దీనికి అదనం. తిరుగు లోడు దొరకని ప్రయాణాలను కూడా లెక్కలో వేయండి. చాసీ కొని బాడీ కట్టించే పక్షంలో, బండి షెడ్డులో ఉండగానే కంతు మొదలవుతుందేమో ముందే అడగండి.

రెండవది, బరువు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్టు అవసరం లేదు. అంతకు మించితే కావాలి. ఆలూరు మీదుగా పోయే 167వ జాతీయ రహదారిలో కొద్ది దూరం పోతే కర్ణాటకే. బళ్లారి, రాయచూరు బాడుగలు నమ్ముకున్నవారు నేషనల్ పర్మిట్టు ఖర్చు కలుపుకోవాలి. 2018లో రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుండి 18.5 టన్నులకు పెంచారు. అది దాటితే 2019 సవరణ ప్రకారం 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000. అధిక లోడు వేస్తేనే కంతు తీరుతుందనుకునే బండిని కొనకండి.

మూడవది, అప్పు కాగితం. నాలుగేళ్ల గడువుకు 9 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే తక్కువగా కనిపిస్తుంది. కట్టిన అసలును తగ్గించి లెక్కిస్తే అది దాదాపు 16 శాతం. 2024 అక్టోబరు 1 నుండి కొత్త రిటైల్ అప్పులకు, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల టర్మ్ అప్పులకు అసలు వార్షిక భారాన్ని చూపే పత్రాన్ని ముందుగానే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. దానిని అడిగి తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం చేయకండి. బలవంతంగా మనుషులను పంపి బండ్లు లాక్కోవడం తగదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. అటువంటిది జరిగితే పోలీసులకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

వడ్డీ విషయంలో మన ధర్మం ఏమంటుందో మీకు తెలుసు. ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు, ఉలమాను అడగండి. అయితే ఇద్దరు ముగ్గురు సోదరులు పెట్టుబడి కలిపి, లాభనష్టాల వాటా వ్రాసుకొని, మంచి పాత బండితో మొదలుపెట్టవచ్చు. అప్పును వ్రాసుకొమ్మని, సాక్షులను ఉంచుకొమ్మని బఖరా సూరా ఆదేశిస్తున్నది. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకని అనుకోవడమే తగవులకు మూలం.

చివరగా మన హక్కు. ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు అప్పులకు పనికిరాని ప్రాంతాలుగా గుర్తించిన సంగతిని 2006లో సచార్ కమిటీ బయటపెట్టింది. బ్యాంకు తలుపు మూసుకుంటే మనవాడు ఎక్కువ వడ్డీ వాకిలికి పోక తప్పదు. ప్రాధాన్యరంగ రుణాలలో మైనారిటీలను బలహీన వర్గాలుగా రిజర్వు బ్యాంకే గుర్తించింది. ముద్ర రుణం, మైనారిటీల ఆర్థిక సంస్థ పథకాల గురించి కూడా విచారించండి. నోటితో అడిగి తిరిగి రాకండి. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే కారణం వ్రాసి ఇమ్మనండి. కాగితం లేని ఫిర్యాదుకు ఏ కార్యాలయంలోనూ విలువ లేదు.

సంతకానికి ముందు కాగితాలు తెచ్చి చూపితే మేము కూర్చొని చదివిపెడతాము. సంతకం తరువాత తెస్తే మీతో కలిసి బాధపడగలము, అంతే. అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.