గేటు నుంచి వరండా దాకా కాంక్రీటు బాట



కారు బాట వేయించదలచుకుంటే, మేస్త్రీని పిలిచే ముందే టేపు, కాగితం తీయండి. 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం అనుకుందాం. సరిగ్గా 100 ఘనపుటడుగులు. 1:1½:3 పాళ్లలో సుమారు 23 బస్తాల సిమెంటు పడుతుంది. మందం ఒక్క అంగుళం పెంచితే సరుకు నాలుగో వంతు పెరుగుతుంది. కారుకు 4 అంగుళాలు చాలు. నీళ్ల ట్యాంకరు లోపలికి వచ్చేటట్లయితేనే 6 కావాలి.

గంపగుత్త బేరం నాకు నచ్చదు. మట్టి దిమ్మిసా కొట్టడం, కంకర పరుపు, క్యూరింగు అందులోనే మాయమవుతాయి. వాటిని విడిగా రాయించండి. పైఖర్చులకు పదో వంతు పక్కన పెట్టండి. గ్రాట్యుటీ సొమ్ము మళ్లీ రాదు కదా! పని సాగినకొద్దీ డబ్బివ్వండి. ఆఖరి వాయిదా మాత్రం పది రోజులు తడిపాకే. మనం బిల్లులు పాసు చేసిన పద్ధతే ఇది.

పది అడుగులకొక జాయింటు, అడుగుకు పావు అంగుళం చొప్పున ఇంటికి ఎడంగా వాలు అడగండి. పైన నున్నగా మెరిపిస్తానంటే ఒప్పుకోకండి, చీపురుతో గరుకు తేలనివ్వమనండి. పిల్లల కారు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వాన తడిలో పాల ప్యాకెట్టు కోసం రోజూ దాని మీద నడిచేది మనమే.